నాలుగు గ్లాసుల నీళ్లు

చిరంజీవి పిడుగుకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బాగాలేనివి రెండే: వంటింటి కుళాయి, మీ తాతయ్య వినికిడి మిషను. రెండింటికీ ఒకటే జబ్బు, నాలుగుసార్లు తిప్పితే గాని పనిచేయవు. నువ్వు కూడా క్షేమమని తలుస్తున్నాను అని రాయడం నా అలవాటు. ఈసారి తలచడం లేదు, అడుగుతున్నాను. ఎలా ఉన్నావు?

నీ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని వరుసగా జవాబులు రాస్తున్నాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నానా అని అడిగావు. వేసుకుంటున్నాను. తాతయ్య సాయంత్రం నడకకు వెళుతున్నారా అన్నావు. వెళుతున్నారు, వీధి చివర బల్ల దాకా. అక్కడ కూర్చుని, మళ్లీ నడుచుకుంటూ వస్తారు. దాన్ని నడక అనాలో కూర్చోవడం అనాలో నువ్వే తేల్చు. మూడోది, "అమ్మమ్మ రోజూ మానసిక ఆసుపత్రికి వెళుతోందని అమ్మ ఫోన్లో చెప్పి పెట్టేసింది, ఏమైంది?" అని. మీ అమ్మ సగం చెప్పి ఫోను పెట్టేయడం చిన్నప్పటినుంచీ ఉన్నదే. వెళ్లిన మాట నిజం. చేరలేదు. మొదటి రోజు వెళ్లి ఏడ్చాను, రెండో రోజు వెళ్లి ఇతరుల ఏడుపుకు మార్కులు వేశాను. వివరం రాస్తాను.

ముందు నువ్వు రాయని సంగతి ఒకటుంది. అంతకు ముందు ఉత్తరంలో నువ్వే రాశావు, మీ వార్డులో కొత్తగా చేరిన ఒకావిడ తలుపు బాదుతూ అరుస్తుంటే మొద్దులా నిలబడిపోయానని, మీ పెద్ద సిస్టరు వచ్చేదాకా కాలూ చెయ్యీ ఆడలేదని, ఈ ఉద్యోగానికి పనికిరానని, రాజీనామా రాసి దిండు కింద పెట్టుకున్నానని. నేను వెంటనే జవాబు రాశాను. పదకొండు పాయింట్లు, ముఖ్యమైన చోట్ల కింద గీతలు. దానికి బదులుగా నువ్వు బీపీ మాత్రల గురించి అడిగావు. రాజీనామా దిండు కిందే ఉందో, ఇచ్చేశావో ఒక్క ముక్క లేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన దాన్ని. పిల్లలు పేపరులో ఏ ప్రశ్న వదిలేశారో చూస్తే ఎక్కడ బెదిరారో నాకు తెలుస్తుంది. ఇక్కడ బెదిరింది లెక్కకు కాదని, లెక్కల టీచరుకని తెలుసుకోవడానికి మాత్రం నాకు ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చింది.

పై వాటాలో ఉండే పెద్ద సిస్టరు నీకు గుర్తుందిగా, మా ఊరి ఆసుపత్రిలో మానసిక వార్డు ఆవిడదే. ఒక ఉదయం మెట్లు దిగుతూ ఆగి, "పెద్దమ్మగారూ, మీకు ఏడవడం వచ్చా?" అని అడిగింది.

"రాదు," అన్నాను.

"పోనీ, ఎదుటివాళ్లకు చెమటలు పట్టించడం?"

"అదైతే ఫస్టు క్లాసులో పాసైంది," అన్నారు మీ తాతయ్య పేపరు వెనకనుంచి. మిషను పెట్టుకోని మనిషికి ఇలాంటివి మాత్రం ఎలా వినబడతాయో నాకు ఇన్నేళ్లకూ అంతుపట్టలేదు.

సంగతేమిటంటే, వార్డులో ముందు వరసలో ఉండేవాళ్లకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. పేరు మానసిక ప్రథమ చికిత్స. రోగులైనా, వాళ్ల మనుషులైనా తల్లడిల్లుతూ లోపలికి వచ్చినప్పుడు మొదట ఎదురయ్యేది డాక్టరు కాదు. గేటు దగ్గర సెక్యూరిటీ, చీటీల కౌంటరు, స్ట్రెచరు తోసే మనిషి, కొత్త నర్సు. తెగిన వేలికి డాక్టరు వచ్చేలోగా గుడ్డ చుట్టినట్టు, ఆ కాసేపు మనిషి మనసుకు ఏం చేయాలో వీళ్లకు నేర్పిస్తారు. ఇదంతా నీకు తెలిసిందే. తెలిసినా రాస్తున్నాను, నాకెంత అర్థమైందో నువ్వు దిద్దాలి కదా. నేర్చుకునేవాళ్లు సాధన చేయడానికి గాభరాపడే మనిషి వేషం వేసేవాళ్లు కావాలట. అందుకు నన్ను పిలిచారు.

నేనెందుకు ఒప్పుకున్నానో ఊహించే ఉంటావు. నీ పని ఎలాంటిదో చూద్దామని. నా పదకొండు పాయింట్లూ సరైనవేనని ఒక డాక్టరు నోటినుంచి విందామని కూడా.

శిక్షణ ఇచ్చే డాక్టరమ్మది ఎంత మెత్తని గొంతంటే, ఆవిడ తిట్టినా నిద్ర వచ్చేలా ఉంటుంది. "మూడే పనులు," అంది. "చూడాలి, వినాలి, కలపాలి." మనిషికి ఇప్పటికిప్పుడు ఏం కావాలో చూడాలి. చెబితే వినాలి, చెప్పకపోతే పక్కన ఉండాలి. ఆ తర్వాత ఆ మనిషిని కావలసినవాళ్లతో, కావలసినదానితో కలపాలి. ఇంత తేలికైన దానికి రెండు రోజులెందుకా అనుకున్నాను. అప్పుడావిడ బోర్డు మీద అనకూడని మాటలు రాయడం మొదలుపెట్టింది. "ఏం కాదులే." "ధైర్యంగా ఉండాలి." "నీకంటే కష్టంలో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు?" "నేనైతే ఏం చేసేదాన్నంటే." "ఇంత చదివి ఇదా?" ఒక్కొక్కటీ పడుతుంటే ఎక్కడో చదివినట్టుంది. చదవడం కాదు, రాసింది నేనే. నీకు. చివరిదాని కింద గీత కూడా గీశాను.

అయినా మొదటి రోజు నా పని నేను చేశాను. నాది, కూతుర్ని వార్డులో చేర్చి బయట కూర్చున్న తల్లి వేషం. వేషగాళ్లకు గుర్తుగా ఒక పసుపు రిబ్బను ఇచ్చారు. భుజానికి గుచ్చుకోమన్నారు. నేనేమన్నా బహుమతి గెలిచిన మేకనా? నా చేతిసంచికి కట్టుకున్నాను.

మొదట వచ్చినవాడు గేటు దగ్గరి మీసాలాయన. "ఏం కాదమ్మా! మా బావమరిదికి ఇంతకన్నా ఎక్కువైంది. ఇప్పుడు చూడండి, రెండు పెళ్లిళ్లు చేసుకున్నాడు!" అన్నాడు. నేను ఏడుపు ఆపి, "బోర్డు చూడు, మొదటి వరస," అన్నాను. స్ట్రెచరు తోసే అతను నా ఎదుట నిలబడి పైనుంచి కిందికి చూసి, "బరువెంత ఉంటారమ్మా?" అన్నాడు. చీటీల అమ్మాయి నా మాట సగంలో ఉండగానే తలెత్తకుండా "తర్వాత ఎవరు?" అంది, కౌంటరు అలవాటు. ఇక కొత్త సిస్టరు ఒకమ్మాయి ఉంది. నీ వయసే, నీలాగే రెండు జడలు వేసే వయసులోంచి ఇప్పుడే బయటపడ్డట్టుంది. వచ్చి నా పక్కన కూర్చుంది, అంతే. మాట లేదు. "ఏమ్మా, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?" అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవవలసింది నేను, ఏడ్చింది తను.

సాయంత్రం డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "అమ్మగారూ, మీ ఓపికకు నమస్కారం. రేపు మీరు ఏడవొద్దు. పక్కన కూర్చుని గమనించండి, చాలు. మాట్లాడకుండా," అంది. చివరి మాట రెండుసార్లు అంది. రేపటి వేషానికి నాటకాల మాస్టారు ఒకాయన వస్తారని, ఆయనది భార్యను చేర్చి కంగారుపడే భర్త పాత్ర అని, రాగానే రిబ్బను ఆయనకు ఇవ్వమని చెప్పింది. గమనించడం అంటే మార్కులు వేయడమేగా అన్నాను. మార్కులు అక్కర్లేదంది. మార్కుల్లేకుండా గమనించడం నాకు చేతకాదు. ఇంటినుంచి కాగితం, అట్ట తీసుకెళ్లాను.

ఇక్కడినుంచి జాగ్రత్తగా చదువు, పిడుగూ.

రెండో రోజు సాధన గదిలో కాదు, వార్డు బయట వరండాలోనే పెట్టారు. నిజమైన చప్పుళ్ల మధ్య నేర్చుకోవాలని. లోపల ఎవరో ఆడమనిషి ఉండుండి అరుస్తోంది. డాక్టరమ్మ రెండో జట్టుతో అవతలి వరండాకు వెళ్లింది. పెద్ద సిస్టరు లోపల ఉంది. నేను బెంచీ మీద అట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ నాటకాల మాస్టారు రాడు. చివరికి ఒకాయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి, చొక్కా బొత్తాలు ఒక మెట్టు తప్పించి పెట్టుకున్నాడు, చెమటలు కారుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. ఎంత బాగా తయారై వచ్చాడో అనుకున్నాను.

"ఆలస్యమైంది," అన్నాను.

"బస్సు దొరకలేదండీ."

"భర్త మీరే కదా?"

"నేనేనండీ."

"అయితే ఇలా కూర్చోండి." లేచి, రిబ్బను విప్పి ఆయన జేబుకు గుచ్చాను. ఆయన బుద్ధిగా నిలబడి గుచ్చించుకున్నాడు. "ఒక్కొక్కరే వచ్చి మీతో మాట్లాడతారు. నేను పక్కనే ఉండి చూస్తుంటాను. అయ్యాక చెబుతాను."

"అయ్యాక లోపలికి పంపిస్తారాండీ?"

"అదంతా తర్వాత," అన్నాను. అప్పుడే పాత్రలోకి దిగిపోయాడని మెచ్చుకున్నాను కూడా.

స్ట్రెచరు అతను మొదలుపెట్టాడు. రాత్రంతా చదివి వచ్చినట్టున్నాడు, ఈసారి బరువు అడగలేదు. "నీళ్లు తాగుతారా?" అని గ్లాసు అందించాడు. ఆయన తాగాడు. "ఏం జరిగింది?" అంటే, "మా ఆవిడండీ," అని ఆగిపోయాడు. నేను కొంచెం ముందుకు వంగి, "చేతులు వణికించడం బాగుంది, కానీ మరీ ఎక్కువవుతోంది. కాస్త తగ్గించండి," అన్నాను.

"అలాగేనండీ," అని ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత చీటీల అమ్మాయి, ఇంకో గ్లాసు. ఆయన తాగాడు. ఆ అమ్మాయి ఈసారి తలెత్తి చూసింది, కానీ చూపు మరీ ఎక్కువై ఆయనే తల దించుకున్నాడు. "నిన్నటి మీద మెరుగు," అని రాసుకున్నాను. ఆ తర్వాత మీసాలాయన. మూడో గ్లాసు. బావమరిది నోటిదాకా వచ్చినట్టుంది గాని, నా వంక చూసి మింగేశాడు. చివరికి కొత్త సిస్టరు. వచ్చింది, పక్కన కూర్చుంది. మాట్లాడలేదు. నీళ్లు కూడా ఇవ్వలేదు. ఇద్దరూ కలిసి ఎదురుగోడ చూస్తూ కూర్చున్నారు. లోపల ఆవిడ అరిచినప్పుడల్లా ఆయన భుజం ఉలిక్కిపడుతోంది. ఒకసారి ఆ పిల్ల భుజమూ ఉలిక్కిపడింది. నేను ఆమె పేరుకెదురుగా సున్నా చుట్టి, తను మరచిపోయిన గ్లాసు నేనే నింపి ఆయనకిచ్చాను. అదీ తాగేశాడు.

"అయిపోయిందా అండీ?" అని అడిగాడు.

"అయింది. మొత్తం మీద బాగానే చేశారు. కంగారు ఇంకాస్త సహజంగా ఉండాలి. మొదట్లో వణుకు ఎక్కువ, చివర్లో మరీ బిగుసుకుపోయారు."

ఆయన ముఖం వాడిపోయింది. "ఫెయిలయ్యానా అండీ?"

"మీకు పాసూ ఫెయిలూ ఏమిటి?"

"మీరు తగ్గించమన్నారని తగ్గించుకోవాలనే చూశానండీ. నా వల్ల కాలేదు. ఇంకోసారి పెట్టండి. ఈసారి అస్సలు వణకను." జేబులోంచి కళ్లజోడు తీశాడు. ఆడవాళ్లది. "నేను ఫెయిలైతే ఫెయిలయ్యాను. ఇదొక్కటి లోపలికి పంపిస్తారా? పొద్దున చేర్చుకున్నప్పుడు ఆమె వస్తువులన్నీ మూటకట్టి నాకిచ్చేశారు, ఇది కూడా అందులో వచ్చేసింది. ఇంటికెళ్లి చూసుకున్నాను. ఇది లేకపోతే ఆమెకు మనుషుల ముఖాలు తెలియవండీ. అంతా మసక. అందుకే అలా అరుస్తోంది. అది మా ఆవిడేనండీ, ఆ గొంతు."

పిడుగూ, స్కూలు తనిఖీకి వచ్చిన అధికారులను నిలబెట్టి ప్రశ్నలు వేసిన దాన్ని. ఆ నిమిషాన నేనే ఆయన ముందు లేచి నిలబడ్డాను. లోపలున్న భార్యను చూడాలంటే బయట ఈ పరీక్ష పాసవ్వాలని అనుకున్నాడా మనిషి. నేను పరీక్షాధికారినని. జేబుకు గుచ్చిన రిబ్బను లోపలికి వెళ్లే గుర్తని. అందుకే చేతుల్ని తొడల కింద దాచుకుని, ఇచ్చిన నీళ్లన్నీ తాగాడు. ఒకటి వద్దంటే మార్కులు పోతాయని.

నేను నోరు తెరిచేలోగా ఆయనే మళ్లీ అన్నాడు. "ఏమీ అనుకోనంటే ఇంకొక మాటండీ. బాత్రూం ఎటు?"

చూడాలి, వినాలి, కలపాలి. నలుగురు శిష్యులు, ఒక పరీక్షకురాలు, ఒక్కరమూ ఆ మనిషి కాళ్లు ఎలా కదుపుతున్నాడో చూడలేదు. నేనే వరండా చివరిదాకా తీసుకెళ్లి తలుపు చూపించాను. వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను, ఇంకెవరైనా గ్లాసుతో ఎదురురాకుండా. కళ్లజోడు కొత్త సిస్టరు చేతిలో పెట్టి, "పరుగెత్తు," అన్నాను. వార్డు తలుపు దాటేదాకా ఆ పిల్ల నిజంగానే పరుగెత్తింది.

లోపల అరుపులు వెంటనే ఆగిపోలేదు. కొంచెం సేపటికి మాటలయ్యాయి. ఇంకొంచెం సేపటికి పెద్ద సిస్టరు బయటకు వచ్చింది, నవ్వాలో వద్దో తెలియనట్టు. "కళ్లజోడు పెట్టుకోగానే ముందు నన్ను ఎగాదిగా చూసింది. 'ఇంత చిన్న గొంతుతో మాట్లాడుతుంటే సన్నగా ఉంటారనుకున్నాను,' అంది. ఆ తర్వాత మీరెక్కడున్నారని అడిగింది. డాక్టరు చూస్తున్నారు, కాసేపట్లో పిలుస్తాను," అని ఆయనతో చెప్పింది. పొద్దున ఆ కళ్లజోడు మూటలో వేసిందెవరో కూడా కనుక్కుంటానంది, ఈసారి గొంతు అంత చిన్నగా లేదు.

నేను ఆయనకు క్షమాపణ చెప్పబోయాను. పెద్ద ఉపన్యాసమే సిద్ధం చేసుకున్నాను. ఆయన వినలేదు, నవ్వాడు. "పోనిద్దురూ. ఇవాళ పొద్దుటినుంచీ నాతో ఇంతమంది మాట్లాడింది మీ దగ్గరే," అన్నాడు. తర్వాత, "ఆ నోరు మెదపని అమ్మాయి ఉంది చూడండి, ఆమె పక్కన కూర్చున్నప్పుడు కాస్త ఊపిరాడింది. ఆమెక్కూడా భయమేస్తోందని తెలిసిపోయింది. అయినా లేచి వెళ్లలేదు," అన్నాడు.

నా అట్ట మీద ఆ పిల్ల పేరుకెదురుగా సున్నా ఉంది. ఆయనకు కనబడకుండా తిప్పి పెట్టుకున్నాను.

పిలుపు వచ్చేదాకా ఇద్దరం బెంచీ మీదే కూర్చున్నాం. మాట్లాడకుండా కూర్చోవడం నాకెంత కష్టమో నీకు తెలుసు. చివరికి ఆయనే, "మీవాళ్లెవరైనా లోపల ఉన్నారాండీ?" అని అడిగాడు.

లేరు అనబోయాను. "మా మనవరాలండీ," అని వచ్చింది నోట్లోంచి. "లోపల కాదు. వేరే ఊళ్లో, ఇలాంటి వార్డులోనే నర్సు. ఒకావిడ అరుస్తుంటే భయపడి నిలబడిపోయిందట. ఆ సంగతి ఇంకెవరికీ చెప్పకుండా నాకు రాసింది."

"మీరేమన్నారు?"

ఇదే నీకు ఇంతసేపూ రాయకుండా నెట్టుకొస్తున్న సంగతి. నేనేమన్నానో ఆయనకు చెప్పలేకపోయాను. ఏడ్చాను. వేషం కాదు. మీ తాతయ్య ఆపరేషను గది బయట కూడా ఏడవని దాన్ని, ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన, పట్టపగలు, చేతిరుమాలు తడిసి ముద్దయ్యేలా ఏడ్చాను. నీ ఉత్తరం చదివిన రోజు నాకు కోపం రాలేదు, పిడుగూ. భయం వేసింది. నిన్నెవరైనా కొడతారేమోనని కొంత. అంతకంటే, నువ్వు ఆ గదిలో ఒక్కదానివే కూర్చుని నేను పనికిరాను అని రాసుకుంటుంటే, నీ చేతిలోంచి ఆ కలం తీసుకునే దూరంలో నేను లేనని. ఆ భయాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పదకొండు పాయింట్లుగా విడగొట్టి పోస్టులో వేశాను. భయమని రాయడం నాకు రాదు. "ధైర్యంగా ఉండాలి" అని రాయడం వచ్చు. నువ్వు మాత్రల గురించి అడిగి ఊరుకున్నప్పుడు ఇంకో భయం పట్టుకుంది. ఇకమీదట నువ్వు నాకు మాత్రల గురించే రాస్తావేమో, అసలు సంగతులు ఎప్పటికీ రాయవేమోనని.

అలా ఏడుస్తుంటే మీసాలాయన అటుగా వచ్చాడు. కాసేపు నిలబడి, తల ఊపుతూ చూశాడు. "అమ్మగారూ, ఇదీ ఏడుపంటే! నిన్నటిది అస్సలు నమ్మబుద్ధి కాలేదు, ఏమనుకోకండి. ఇవాళ బాగా కుదిరింది. కొంచెం ముక్కు ఎగబీల్చడం తగ్గిస్తే చాలు," అన్నాడు.

పక్కనున్న ఆయన ముందు నవ్వాడు. తర్వాత నేను నవ్వాను. మీసాలాయనకు ఏమీ అర్థం కాలేదు, కానీ తన మాట పనిచేసిందనుకుని సంతోషంగా నీళ్లు తేబోయాడు. ఇద్దరం ఒకేసారి వద్దని అరిచాం.

అసలు నాటకాల మాస్టారు అప్పుడొచ్చాడు. జుట్టు రేపుకుని, గుండెలు బాదుకుంటూ, "ఏదీ నా ఇల్లాలు!" అని వరండా అదిరేలా కేకపెట్టాడు. లోపలినుంచి ఇద్దరు నర్సులు పరుగున వచ్చి ఆయన్ను చెరో చెయ్యీ పట్టుకున్నారు. రిబ్బను ఆయన దగ్గర లేదు మరి. డాక్టరమ్మ వచ్చి విడిపించేసరికి రోగుల పుస్తకంలో పేరు రాసుకోవడం కూడా అయిపోయింది.

చివర్లో డాక్టరమ్మ నా కాగితం అడిగి చూసింది. సున్నా కొట్టేసి ఉంది. పక్కన ఏ అంకె వేయాలో తెలియక ఖాళీగా వదిలేశాను. ఆవిడ కాగితం తిరిగి ఇచ్చింది. "అమ్మగారూ, వచ్చే జట్టుకు మళ్లీ వస్తారా? వేషానికి కాదు, నేర్చుకోవడానికి," అని అడిగింది. అంత మెత్తగా నన్ను ఫెయిల్ చేసినవాళ్లు ఇంతవరకూ లేరు. వస్తానని చెప్పాను.

ఇంటికి వచ్చి మీ తాతయ్య మీద సాధన మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చుని, "ఎలా ఉన్నారు?" అని అడిగి ఊరుకున్నాను. ఆయన చాలాసేపు అనుమానంగా చూశారు. ఆ తర్వాత లేచి వెళ్లి, మిషను వెతికి తెచ్చి, పెట్టుకుని, నాలుగుసార్లు తిప్పి, "ఇంకోసారి అడుగు," అన్నారు.

ఇప్పుడు నీ సంగతి. రాజీనామా ఇవ్వొద్దని రాయడం లేదు. ఇవ్వమనీ రాయడం లేదు. నిలబడిపోవడం మంచిదో చెడ్డదో నాకు తెలియదు, అది మీ పెద్ద సిస్టరు చెప్పాలి. నేను అడగదలచుకున్నది, ముందు ఉత్తరంలోనే అడగవలసింది. ఆ రోజు ఏం జరిగింది? ఆవిడ అరుస్తున్నప్పుడు ఎటు చూస్తోంది? నువ్వు కాలు కదలక నిలబడ్డది ఆవిడ దగ్గరా, దూరంగానా? ఇప్పుడు ఆవిడ ఎలా ఉంది? నీకు రాయాలనిపిస్తే రాయి. ఎంత పొడుగైనా చదువుతాను, ఎర్ర కలం పట్టుకోను. రాయాలనిపించకపోతే మాత్రల గురించే అడుగు, జవాబిస్తాను.

ఇంకొక్కటి. మీ వార్డు బయట బెంచీ ఉంటుందా? ఉంటే, ఒక ఆదివారం వచ్చి నీ పక్కన కూర్చోవాలని ఉంది. ఏమీ అనను, కూర్చుంటాను. ఇంతకు ముందు నీ దగ్గరికి వస్తున్నానని చెప్పేదాన్ని, రావచ్చా అని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. రావచ్చా?

ఇట్లు,
వద్దంటే నిజంగానే రాని
మీ అమ్మమ్మ

మరచాను: ఎండలు ముదురుతున్నాయి కదా, నీళ్లు బాగా తాగమని రాయబోయి ఆగాను. దాహం వేస్తే తాగు.